పెండింగ్ రాక్: ఎమ్మార్డీలో నా అనుభవం

ఆమె నాలుగోసారి వచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. మధ్యాహ్నం రెండు దాటింది. మా ఆసుపత్రి రికార్డుల విభాగం, అంటే ఎమ్మార్డీ కిటికీ దగ్గర నిలబడి, కొంగుతో మొహం తుడుచుకుని, "ఏమ్మా, ఈరోజైనా ఇస్తారా కాయితాలు?" అని అడిగింది. వాళ్లది కోనసీమలో ఒక పల్లె. మా ఆసుపత్రికి రెండు బస్సులు మారి రావాలి. భర్త మా ఐసీయూలో చనిపోయి అప్పటికి రెండు నెలలు కావస్తోంది. ఆయన పేరు మీద ఉన్న జీవిత బీమా కోసం డెత్ సమ్మరీ (ఏం వైద్యం చేశారు, ఎందుకు పోయారు అని డాక్టరు రాసే కాగితం), కేస్ షీట్ కాపీలు తెమ్మన్నారట. ఆ ఫైలు నా వెనకాలే, పెండింగ్ రాక్‌లో మూడో అరలో ఉంది. అందులో డెత్ సమ్మరీ లేదు.

నేను పనిచేసేది గోదావరి జిల్లాల్లోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, మెడికల్ రికార్డ్స్ విభాగంలో. అందరూ ఎమ్మార్డీ అంటారు. పేషెంట్ ఇంటికి వెళ్లాక కేస్ షీట్ మా దగ్గరికి వస్తుంది. పేజీలు వరుసలో పెట్టి, చెక్‌లిస్ట్ పట్టుకుని ఏవి ఉన్నాయో ఏవి లేవో చూసి, జబ్బులకు అంతర్జాతీయంగా వాడే ఐసీడీ-10 కోడ్ వేసి, పేషెంట్ అడ్మిషన్ నంబరు (ఐపీ నంబరు) చివరి రెండంకెల ప్రకారం రాక్‌లో సర్దుతాం. ఏదైనా లేకపోతే ఆ ఫైలును సర్దకూడదు. ఏం లేదో స్లిప్ మీద రాసి, పైన అంటించి, పెండింగ్ రాక్‌లో పెట్టాలి. డాక్టరు వచ్చి పూర్తి చేయాలి. రూలు ఇంతే. కానీ నేను చేరేనాటికి పెండింగ్ రాక్‌లోకి వెళ్లిన ఫైలును మళ్లీ తీసి చూసేవాళ్లు లేరు. మొదటి ఏడాదంతా నేనూ స్లిప్ అంటించడంతో నా పని అయిపోయిందనే అనుకున్నాను.

ఆరోజు ఆమెను లోపలికి పిలిచి కుర్చీలో కూర్చోబెట్టాను. ఫైలు తీసి మొదటి పేజీ నుంచి చదివాను. పొలంలో కాలికి ఏదో గుచ్చుకుంది. పుండైంది. పది రోజులు ఊళ్లోనే కట్టు కట్టించుకున్నాడు. జ్వరం, ఆయాసం ముదిరాక తీసుకొచ్చారు. అప్పటికే ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకింది. మూడు రోజులు ఐసీయూలో ఉండి నాలుగో రోజు తెల్లవారుజామున పోయాడు. ఆ రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టరు నెల తిరక్కుండానే పీజీ ఎంట్రన్స్‌కు చదువుకోవాలని ఉద్యోగం మానేసి వెళ్లిపోయారు. సమ్మరీ ఆయన రాసే ఉంటారని కన్సల్టెంట్ అనుకున్నారు. కన్సల్టెంట్ రాస్తారని ఆయన అనుకుని ఉంటారు.

డెత్ సమ్మరీ లేకపోవడం ఒక్కటే అయితే ఆరోజే రాయించేదాన్ని. అసలు చిక్కు రెండో పేజీలో ఉంది. అడ్మిషన్ హిస్టరీలో పాత జబ్బుల పట్టిక ఉంటుంది. షుగర్ అన్న చోట టిక్ పెట్టారు. దాని పక్కన 'ఎంతకాలంగా' అన్న గడి ఉంటుంది. అది ఖాళీ.

ఆ గడికి అంత విలువ ఎందుకో చెప్పాలి. ఆయన పాలసీ తీసుకుని రెండేళ్లే అయింది. బీమా చట్టం సెక్షన్ 45 ప్రకారం మూడేళ్లు నిండిన పాలసీని కంపెనీ ఏ కారణంతోనూ ప్రశ్నించడానికి వీల్లేదు. ఆలోపు మరణిస్తే మాత్రం జబ్బు ముందే ఉందా, దాచిపెట్టారా అని ఆసుపత్రి కాగితాలు తెప్పించుకుని చూస్తారు. షుగర్‌కు టిక్ ఉండి, ఎప్పటి నుంచో లేకపోతే చదివేవాళ్లు వాళ్లకు తోచినట్టు అర్థం చేసుకోవచ్చు. పదేళ్ల షుగరైనా, ఆ రోజే బయటపడ్డ షుగరైనా ఆ కాగితం మీద ఒకేలా కనిపిస్తాయి.

ఫైలు పట్టుకుని కన్సల్టెంట్ దగ్గరికి వెళ్లాను. ఓపీ నిండా జనం. నిలబడే చూశారు. "నాకు గుర్తుందమ్మా ఈ కేసు. షుగర్ ఇక్కడికొచ్చాకే తెలిసింది. ఆ గడి నింపేస్తాను, సమ్మరీ కూడా ఇప్పుడే రాస్తాను. అప్పటి తేదీయే వేద్దాం, సరిపోతుంది" అన్నారు. ఆయన మంచి మనిషి. ఆమెకు సాయం చేద్దామనే అన్నారు. నాకు గుండె దడదడలాడింది. "సర్, ఈరోజు తేదీ, ఈరోజు టైమే వేయండి సర్. పైన ఆలస్యంగా రాసిన నోట్ అని రాద్దాం. పాత తేదీ వేస్తే ఇది కోర్టుకు వెళ్లినప్పుడు మిగతా పేజీలు కూడా ఎవరూ నమ్మరు" అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత పెన్ను మూత పెట్టి, "మరి ఈరోజు రాస్తే బీమా వాళ్లు నమ్ముతారా? ఆమె కోసం ఇప్పుడే రాశాననుకోరా?" అన్నారు. ఆ ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేదు.

సమాధానం ఫైల్లోనే దొరికింది. నర్సింగ్ కాగితాలను మేం చెక్‌లిస్ట్‌లో ఉన్నాయా లేవా అన్నంత వరకే చూస్తాం, చదవం. ఆ సాయంత్రం కూర్చుని ప్రతి పేజీ చదివాను. అడ్మిషన్ రాత్రి నర్సు రాసిన మొదటి అసెస్‌మెంట్ ఉంది. నీలం ఇంకు, గుండ్రటి అక్షరాలు. షుగర్ ఈ అడ్మిషన్‌లోనే తెలిసిందని, ఇంతకుముందు ఎప్పుడూ పరీక్ష చేయించలేదని, మందులు వాడలేదని, ఈ వివరాలు భార్య చెప్పిందని రాసి ఉంది. కింద పేరు, సంతకం, ఎంప్లాయీ నంబరు, తేదీ, రాత్రి 11.40. నాలుగు లైన్లు. పక్కన ఐసీయూలో పేషెంట్ ఊపిరి అందక అవస్థ పడుతున్న సమయంలో ఒక నర్సు గోడ పక్కన నిలబడ్డ భార్యను అడిగి రాసుకున్న లైన్లవి.

మర్నాడు కన్సల్టెంట్ ఆ పేజీ చూసి డెత్ సమ్మరీ రాశారు. ఆరోజు తేదీ, టైము వేశారు. నర్సింగ్ అసెస్‌మెంట్‌ను, ల్యాబ్ రిపోర్టులను ఆధారంగా చూపించారు. హిస్టరీ పేజీలోని ఖాళీ గడిని ముట్టుకోలేదు. అది అలాగే ఉండాలి, అప్పుడు రాయలేదన్నది నిజం కాబట్టి. మరణ కారణం కూడా వివరంగా రాశారు. పాత నోట్‌లో 'గుండె, ఊపిరి ఆగిపోవడం' అని ఒక్క మాటే ఉంది. అందరూ పోయేది గుండె, ఊపిరి ఆగిపోయే కదా. దేనివల్ల ఆగాయన్నదే కారణం. కాలి పుండు, దాని నుంచి రక్తంలోకి పాకిన ఇన్ఫెక్షన్, దానివల్ల పడిపోయిన బీపీ అని వరుసగా రాశారు.

ఐదోసారి ఆమె వచ్చినప్పుడు కాపీలకు పేజీ నంబర్లు వేసి, సీలు కొట్టి ఇచ్చాను. రిజిస్టర్‌లో సంతకం పెట్టింది. వెళ్లబోతూ ఆగి, "ఆయన ఏమై పోయారో ఇందులో రాసుందా అమ్మా? ఆ రోజు చెప్పారు గానీ నాకేం తలకెక్కలేదు" అంది. మళ్లీ కూర్చోబెట్టి, సమ్మరీ మొత్తం తెలుగులో చెప్పాను. మొదటి రోజు ఏం ఇచ్చారు, రెండో రోజు ఏం చేశారు, ఎక్కడ చెయ్యి దాటిపోయింది, అన్నీ. ఆమె తల ఊపుతూ విన్నది. "ముందే తీసుకురావాల్సింది" అని ఒక్క మాట అని వెళ్లిపోయింది. డాక్టర్ల నడవడికపై మెడికల్ కౌన్సిల్ 2002లో తెచ్చిన నిబంధనల ప్రకారం, రోగి తరఫువాళ్లు రికార్డులు అడిగితే అడిగినట్టు రసీదు ఇచ్చి, 72 గంటల్లోగా కాగితాలు చేతికివ్వాలి. ఆమె మొదటిసారి అడిగిన రోజు నుంచి లెక్కేస్తే ఇరవై ఆరు రోజులైంది. ఆ ఇరవై ఆరు రోజులూ స్లిప్ అంటించి కూర్చున్నది నేనే. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

ఆ శనివారం డ్యూటీ అయ్యాక ఇంటికి వెళ్లకుండా పెండింగ్ రాక్ మొత్తం కిందకి దింపాను. లెక్కపెడితే 742 ఫైళ్లు. అన్నిటికన్నా పాతది పదకొండు నెలల నాటిది. ఒక్కో ఫైలు తెరిచి డాక్టరు ఎవరు, వార్డు ఏది, ఏం లేదు, డిశ్చార్జ్ అయి ఎన్ని రోజులైంది అని కంప్యూటర్లో ఎక్కించడానికి రెండు వారాలు పట్టింది.

ఆ లెక్క మొదట తప్పు వేశాను. ఒక ఫైల్లో ఐదు లోపాలుంటే ఐదుగా లెక్కపెట్టాను. మెడికల్ సూపరింటెండెంట్ గారు చూసి, "మన డిశ్చార్జ్‌ల కన్నా పెండింగే ఎక్కువుందేంటమ్మా?" అన్నారు. అప్పుడు తెలిసింది, ఫైళ్ల లెక్క వేరు, లోపాల లెక్క వేరు అని. ఎన్ని ఫైళ్లు అసంపూర్తిగా ఉన్నాయన్నది ఆ నెల డిశ్చార్జ్‌లలో శాతంగా చెప్పాలి. ఏ లోపం ఎన్నిసార్లు వచ్చిందన్నది విడిగా చెప్పాలి. గడువు దాటినవి మూడోది. డిశ్చార్జ్ అయి రెండు రోజులైన ఫైల్లో సంతకం లేకపోతే అది అసంపూర్తి మాత్రమే. నలభై రోజులైనా లేకపోతే అది గడువు దాటింది. రెండింటినీ ఒకే గంపలో వేస్తే నిన్న ఆపరేషన్ చేసిన సర్జనూ, నెలలుగా తిప్పించుకుంటున్నవారూ ఒకేలా కనిపిస్తారు. నిన్నటి సర్జన్‌కు కోపం రావడంలో న్యాయముంది.

లోపాలను విడదీస్తే ఎక్కువ భాగం చిన్నవే. రౌండ్స్ నోట్ రాసి సంతకం పెట్టలేదు, సంతకం ఉన్నా పేరు లేదు, తేదీ ఉంది టైము లేదు. మందు మార్చిన టైము లేకపోతే అంతకుముందు డోసు ఇచ్చారా లేదా అన్నది తేలదు కాబట్టి వాటినీ వదిలేయలేం. కానీ నిద్ర పట్టనివ్వనివి కొన్నే ఉన్నాయి. ఆపరేషన్ ఎలా చేశారో రాసే ఓటీ నోట్స్ లేని ఆపరేషన్లు. పోలీసుల దాకా వెళ్లే మెడికో లీగల్ కేసుల్లో గాయాల వివరం లేనివి. ఖాళీ కన్సెంట్ ఫారాలు.

కన్సెంట్ ఫారం ఒకటి ఇప్పటికీ కళ్ల ముందుంది. కింద వేలిముద్ర. ఊదారంగు ఇంకు కాస్త అలుక్కుపోయి ఉంది, ఆ పెద్దావిడ చెయ్యి వణికిందేమో. పక్కన కొడుకు సాక్షి సంతకం. పైన 'నాకు చేయబోయే ఆపరేషన్' అన్న మాట తర్వాత చుక్కల గీత. ఆ గీత మీద ఏమీ రాయలేదు. డాక్టరు పేరు కూడా లేదు. ఆమె దేనికి ఒప్పుకుని వేలు వేసినట్టు? సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు 2008లో ఈ విషయమే తేల్చింది. ఆ కేసులో పేషెంట్‌కు పరీక్ష కోసం మత్తు ఇచ్చి, స్పృహలో లేనప్పుడు తల్లి సంతకంతో గర్భసంచి తీసేశారు. పరీక్షకు ఇచ్చిన ఒప్పుకోలు ఆపరేషన్‌కు చెల్లదని కోర్టు చెప్పింది. ఖాళీ గీత కింద వేలిముద్ర ఉన్న కాగితం పేషెంట్‌నూ కాపాడదు, డాక్టర్నూ కాపాడదు. కన్సెంట్ ఫారాన్ని ఆపరేషన్ అయిపోయాక నింపించడం నేను ఒప్పుకోలేదు. లోపం ఉందని నమోదు చేసి, సూపరింటెండెంట్ గారితో సంతకం చేయించి, అలాగే ఫైల్లో ఉంచాను. మన పేపరు అందంగా కనబడాలని లేనిదాన్ని ఉన్నట్టు రాయించడం ఎమ్మార్డీ పని కాదు.

ఇంకొకటి గమనించాను. పెండింగ్‌లో ఆరోగ్యశ్రీ ఫైళ్లు చాలా తక్కువ. 2007లో మొదలైన ఆ పథకాన్ని ఇప్పుడు ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నాం. అందులో ఓటీ నోట్స్, సమ్మరీ అప్‌లోడ్ చేయకపోతే ఆసుపత్రికి డబ్బు రాదు. అందుకే పేషెంట్ గేటు దాటేలోపే అన్నీ తయారవుతాయి. అదే డాక్టర్లు, అవే ఆపరేషన్లు. మరి చేతి డబ్బు కట్టిన పేషెంట్ ఫైలే ఎందుకు ఆగుతోంది? ఆ కాగితం కోసం ఎదురుచూసేవాళ్లు డాక్టరు కంటికి కనబడటం లేదు, అంతే. డాక్టర్లకు టైము లేదన్న మాట నేను అప్పటి నుంచి పూర్తిగా నమ్మడం మానేశాను.

మొదట అందరి పేర్లూ, పెండింగ్ సంఖ్యలూ ఒకే లిస్టుగా చేసి డాక్టర్లందరికీ పంపాను. పెద్ద గొడవైంది. ఒక సీనియర్ సర్జన్ గారు లిస్టు చించేశారు. ఆయన పేరు పక్కన ఉన్న 40 ఫైళ్లలో చాలావరకు వేరే డాక్టరు చూసినవే. అడ్మిషన్ ఆయన పేరు మీద అవడం వల్ల ఆయన ఖాతాలో పడ్డాయి. తప్పు నాది. క్షమాపణ చెప్పి, మళ్లీ ఫైలు ఫైలుకూ ఏది ఎవరి చేత్తో రాయాల్సిందో గుర్తించాను. అప్పటి నుంచి ఎవరి లిస్టు వారికే, సోమవారం పొద్దున్న ఫోన్‌కు వెళుతుంది. ఐపీ నంబరు, ఏ పేజీలో ఏం కావాలి, ఎన్ని రోజులైంది, ఇంతే. నెలాఖరున రికార్డ్స్ కమిటీకి మాత్రం పేర్లతో సహా వెళుతుంది.

ఫైలు బయటికి పంపకూడదన్నది ఇంకో కష్టంతో నేర్చుకున్నాం. వార్డుకు పంపిన ఒక ఫైలు నెల రోజులు కనబడలేదు. చివరికి ఒక డాక్టరు గారి కారు వెనక సీట్లో దొరికింది. ఇంటికి తీసుకెళ్లి రాద్దామనుకున్నారట. అసంపూర్తి ఫైలు కన్నా పోయిన ఫైలు ఎంత ప్రమాదమో ఆ నెలంతా టెన్షన్‌తో తెలిసొచ్చింది. ఇప్పుడు డాక్టరు ఎమ్మార్డీకి వచ్చి రాస్తారు. లేదంటే నేనే ఫైలు పట్టుకెళ్లి, పక్కన నిలబడి, నాతోపాటే వెనక్కి తెస్తాను. రాక్‌లో ఆ ఖాళీలో ట్రేసర్ కార్డు పెడతాను. అందులో ఎవరికి, ఎప్పుడు, ఎందుకు అన్నది ఉంటుంది.

గడువు ఎంత పెట్టాలన్న దానిపై కమిటీలో చాలాసేపు వాదన జరిగింది. అమెరికాలో మెడికేర్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా నిబంధనల ప్రకారం డిశ్చార్జ్ అయిన 30 రోజుల్లో రికార్డు పూర్తి కావాలి కాబట్టి మనమూ అదే పెట్టుకుందామన్నారు ఒకరు. నేను ఏడు రోజులు అడిగాను. మన దగ్గర డ్యూటీ డాక్టర్లు ఎక్కువకాలం ఉండరు. నెల తర్వాత వెతికితే మనిషే దొరకడు. ఉన్నా, వందమంది పేషెంట్ల తర్వాత ఆ రాత్రి ఏం చూశారో ఎవరికి గుర్తుంటుంది? చివరికి ఏడు రోజులకే ఒప్పుకున్నారు. దానితోపాటు ఉద్యోగం మానేసేవాళ్ల నో డ్యూ ఫారంలో ఎమ్మార్డీ సంతకం కూడా పెట్టారు. లైబ్రరీ పుస్తకం, హాస్టల్ తాళం, ఆప్రాన్‌ల వరసలో ఇప్పుడు పెండింగ్ ఫైళ్లు కూడా ఉన్నాయి. నా అభిప్రాయంలో మేం చేసిన అన్ని మార్పుల్లోనూ ఇదే ఎక్కువ పనిచేసింది. వెళ్లిపోయే ముందు ఒక పూట కూర్చుని అన్నీ రాసి వెళతారు.

ఆ తర్వాతది వార్డుల్లో చూడటం. పేషెంట్ మంచం మీద ఉండగానే రోజుకు ఒక వార్డులో పది ఫైళ్లు తెరుస్తాను. మొదటి అసెస్‌మెంట్ 24 గంటల్లో పూర్తయిందా, అలర్జీ గడి నిండిందా, కన్సెంట్‌లో ఆపరేషన్ పేరు తెలుగులో ఉందా అని చూస్తాను. మొదట్లో సిస్టర్లు తప్పులు పట్టడానికి వచ్చాననుకుని మొహం తిప్పుకునేవారు. ఒకరోజు సర్జికల్ వార్డులో అలర్జీ గడి ఖాళీగా ఉందని పేషెంట్‌నే అడిగితే, ఏదో ఇంజెక్షన్‌కు ఒకసారి ఒళ్లంతా దద్దుర్లు వచ్చాయని చెప్పాడు. సిస్టర్ వెంటనే డ్యూటీ డాక్టర్‌కు ఫోన్ చేసింది. ఆ మధ్యాహ్నం నుంచి ఆ వార్డులో నాకు కుర్చీ వేస్తున్నారు. డిశ్చార్జ్ అయ్యాక ఎమ్మార్డీలో పట్టుకుంటే అది లోపం. మంచం దగ్గర పట్టుకుంటే అప్పటికప్పుడు ఆ మనిషికి ఉపయోగం.

పాత 742 ఫైళ్లకు ఎనిమిది నెలలు పట్టింది. చనిపోయినవారివి, మెడికో లీగల్‌వి ముందు తీశాను. అన్నీ పూర్తి కాలేదు. 58 ఫైళ్లలో రాయాల్సిన డాక్టర్లు ఎక్కడున్నారో తెలియలేదు, లేదా రాయడానికి వారికేమీ గుర్తులేదు. వాటిని 'అసంపూర్తిగానే ముగించినవి' అని కమిటీ తీర్మానంతో విడిగా సర్దాం.

కొత్తగా చేరే డ్యూటీ డాక్టర్లకు, సిస్టర్లకు మొదటి రోజు పదిహేను నిమిషాలు నాకు ఇస్తున్నారు. రూల్స్ చదవను. పేర్లు, నంబర్లు తీసేసిన రెండు పేజీల కాపీలు పక్కపక్కన పెడతాను. ఒకటి ఆ ఖాళీ గడి. రెండోది రాత్రి 11.40కి రాసిన నాలుగు లైన్లు. ఆమె ఐదుసార్లు వచ్చిన సంగతి చెబుతాను. ఆ నాలుగు లైన్లు రాసిన సిస్టర్ ఇప్పుడు కువైట్‌లో పనిచేస్తోంది. వెళ్లేముందు నో డ్యూ సంతకానికి వచ్చినప్పుడు ఆ పేజీ చూపించాను. చాలాసేపు చూసి, "ఈ పేషెంటే గుర్తులేడు మేడం. రాసింది మాత్రం నేనే" అంది.

ఈ సోమవారం లిస్టులో 19 ఫైళ్లున్నాయి. ఏడు రోజులు దాటినవి రెండు. ఒకదానికి అనస్థీషియా నోట్‌లో టైము కావాలి. రెండోది ఓటీ నోట్స్, సర్జన్ గారు మూడింటికి థియేటర్ నుంచి బయటికొస్తానన్నారు. ఫైలు, ట్రేసర్ కార్డు తీసి టేబుల్ మీద పెట్టుకున్నాను.